కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజన్‌కి రంగు: వేడి పెరగకుండా ఎలా వేశాను

యూసీఈ ఇంజన్లు (ఇంజన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండేవి) రాకముందు నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350లో బ్యారెల్, అంటే పిస్టన్ ఆడే సిలిండర్, పోత ఇనుము; దాని మీద కూర్చునే హెడ్డు అల్యూమినియం. హెడ్డుకి రంగు లేకపోయినా వచ్చే నష్టం లేదు, కాస్త బూడిదరంగు తిరుగుతుంది, అంతే. ఇనప బ్యారెల్ అలా కాదు. రంగు లేకుండా వదిలేస్తే ఒక్క వానాకాలంలో ఎర్రబారుతుంది, ఆ తర్వాత ఫిన్ల (గాలికి చల్లబడేందుకు చుట్టూ ఉండే పల్చటి రెక్కల) మొదట్లో తుప్పు పొరలుగా లేస్తుంది. నా బండి బ్యారెల్ ఆ దశకి వచ్చింది. రీబోరు (అరిగిన సిలిండర్ లోపలి భాగాన్ని కాస్త పెద్దది చేసి సరిచేయడం) కోసం ఎలాగూ పైభాగం విప్పాల్సి రావడంతో రంగు పని కూడా అప్పుడే పెట్టుకున్నాను.

రంగు అనగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఇంజన్ హీటెక్కదా అని. ఈ భయంలో కొంత నిజం ఉంది, కాకపోతే అది రంగుకి సంబంధించింది కాదు, మందానికి సంబంధించింది. పెయింట్ పొర వేడిని పోత ఇనుము కంటే సుమారు 200 రెట్లు తక్కువగా మోస్తుంది. వినడానికి పెద్ద అంకె. కానీ పొర మందం 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు. ఫిన్ను మీద నుంచి గాలిలోకి వేడి దిగడానికి ఉండే అడ్డంకే చాలా పెద్దది. దాని పక్కన ఈ 50 మైక్రాన్ల పొర అదనంగా పెట్టే అడ్డంకి ఒకటి రెండు శాతం దగ్గరే ఆగిపోతుంది. అదే ప్రైమరు, పుట్టీ, మూడు కోట్ల రంగు, పైన లక్కర్ అంటూ ఒక మిల్లీమీటర్ పేర్చామనుకోండి, అడ్డంకి పావు వంతు నుంచి సగం దాకా పెరుగుతుంది. అప్పుడు ఇంజన్ తప్పకుండా హీటెక్కుతుంది. విరిగిన ఫిన్నుని ఎపాక్సీ పుట్టీతో అతికించి, నున్నగా తీర్చి, పైన రంగేసిన బ్యారెళ్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో చాలా కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటాయి కానీ ఆ పుట్టీ ఉన్నచోట ఫిన్ను ఉన్నా లేనట్టే.

ఇక నలుపా, వెండిరంగా? నడుస్తున్న బండిలో వేడిని తీసుకుపోయే పని దాదాపు అంతా గాలిదే. కిరణాల రూపంలో బయటికి పోయేది కొద్దిపాటి. పైగా ఫిన్లు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉంటాయి కాబట్టి, ఒకటి వదిలిన కిరణాన్ని పక్కది పట్టేసుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం ఆ కొద్దిపాటికీ విలువ ఉంటుంది. వేడిని కిరణాలుగా వదిలే గుణాన్ని 0 నుంచి 1 దాకా కొలిస్తే పాలిష్ చేసిన అల్యూమినియం 0.05 దగ్గర, మామూలు పోత అల్యూమినియం 0.2 దగ్గర ఉంటాయి. నల్ల రంగుది 0.9, తెల్ల రంగుది కూడా దాదాపు అంతే. అల్యూమినియం పొడి కలిసిన వెండి రంగు 0.3 నుంచి 0.5 మధ్య. తుప్పు పట్టిన ఇనుము దానంతటదే 0.7 దరిదాపుల్లో ఉంటుంది, అందుకని బ్యారెల్ నలుపు చేస్తే ఈ విషయంలో పెద్దగా కలిసొచ్చేదీ లేదు, పోయేదీ లేదు. హెడ్డుకి మాత్రం పల్చటి నలుపు కొంచెం మేలే చేస్తుంది. బఫింగ్ చేయించి అద్దంలా మెరిపిస్తే ఉన్నది కూడా పోతుంది.

మే నెల ఎండలో నల్ల ఇంజన్ మాడిపోదా అని కూడా అడుగుతారు. ఇంజన్ మీద పడే ఎండ మొత్తం కలిపినా పదుల వాట్లు. ఇంజన్ తనలో నుంచి బయటికి తొయ్యాల్సిన వేడి కిలోవాట్లలో ఉంటుంది. ఆపి ఉంచిన బండి ముట్టుకుంటే చురుక్కుమంటుంది తప్ప, నడుస్తున్నప్పుడు ఎండ లెక్కలోకే రాదు.

విప్పే ముందే కొలత

రంగు వేశాక వేడి పెరిగిందో లేదో తెలియాలంటే వెయ్యక ముందు ఎంతుందో రాసిపెట్టుకోవాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ను ఎదురుగా ఉన్న వస్తువు 0.95 గుణంతో కిరణాలు వదులుతోందని అనుకుని లెక్క కడుతుంది. రంగు లేని అల్యూమినియం హెడ్డు నిజంగా 150 డిగ్రీలు ఉన్నా ఆ గన్నులో 70 దరిదాపుల్లో కనిపించవచ్చు. అదే హెడ్డుకి నల్ల రంగేసి మళ్లీ కొలిస్తే 150 అని నిజం చెబుతుంది. చూసినవాడు రంగు వల్ల 80 డిగ్రీలు పెరిగిందని బెంబేలెత్తి ఊరంతా చెబుతాడు. పెరిగింది ఏమీ లేదు, ముందు చూపిందే అబద్ధం.

దీనికి రెండు దారులున్నాయి. స్పార్క్ ప్లగ్ వాషర్ స్థానంలో కూర్చునే 14 మి.మీ. రింగు థర్మోకపుల్ (తాకి వేడిని కొలిచే తీగ) తెచ్చి బిగించి మల్టీమీటర్‌కి కలపడం మొదటిది, నమ్మదగింది. రెండోది, రంగు వెయ్యక ముందే హెడ్డు మీద ఒక చదునైన చోట రూపాయి బిళ్లంత మేర నల్ల హీట్ పెయింట్ చుక్క వేసి, ఎప్పుడూ ఆ చుక్క మీదే గన్ను పెట్టి చూడటం. నేను థర్మోకపుల్ వాడాను. ఒకే రోడ్డు, ఒకే వేగం, ఉదయం ఒకే వేళ ఉండేలా చూసుకుంటేనే రెండు కొలతలకీ పోలిక. ఆ వేళ గాలి ఎంత వేడిగా ఉందో పక్కనే రాసుకోవాలి, ఎందుకంటే గాలి 10 డిగ్రీలు ఎక్కువుంటే హెడ్డు కూడా ఇంచుమించు అంతే ఎక్కువ చూపిస్తుంది.

విప్పడం, కడగడం

ట్యాంకు, కార్బురేటర్, సైలెన్సర్ బెండ్, రాకర్లకి (వాల్వుల్ని నొక్కి తెరిచే చేతులకి) పోయే ఆయిల్ పైపులు తీశాక హెడ్డు పైకి వస్తుంది. బ్యారెల్‌కి బయట కనిపించే నట్లు కాక టాపెట్ కవర్ తీస్తే లోపల ఒక నట్టు ఉంటుంది. అది తెలియక బ్యారెల్‌ని కొట్టి కొట్టి ఫిన్లు విరగ్గొట్టినవాళ్లున్నారు. హెడ్డులో నుంచి వాల్వులు, స్ప్రింగులు, డీకంప్రెసర్ (కిక్ తేలికయ్యేలా లోపలి ఒత్తిడి వదిలేది) అన్నీ తీసెయ్యాలి. రబ్బరు, నూనె అంటిన భాగం ఏదీ మిగలకూడదు.

కడగడానికి ముందు కిరసనాయిలు, గట్టి బ్రష్షు. ఫిన్ల మొదట్లో పేరుకున్న జిడ్డు, మట్టి కలిసి తారులా గట్టిపడి ఉంటుంది. పాత హ్యాక్సా బ్లేడు వెనకవైపుతో దాన్ని గోకి తియ్యాలి. ఇంజన్ చల్లబడకపోవడానికి రంగు కంటే ఈ మడ్డి పెద్ద కారణం. ఇది పోతేనే సగం పని అయినట్టు. ఆ తర్వాత సబ్బు పొడి కలిపిన వేడినీళ్లు. కాస్టిక్ సోడా ఇనప బ్యారెల్‌కి పర్వాలేదు గానీ అల్యూమినియం హెడ్డు దరిదాపుల్లోకి రానివ్వకూడదు. బుడగలు కక్కుతూ అల్యూమినియాన్ని తినేస్తుంది.

తుప్పు పోవాలంటే బ్లాస్టింగే (గాలి ఒత్తిడితో సన్నటి గింజలు కొట్టి శుభ్రం చేయడమే) సరైన దారి. విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ బాలానగర్ లాంటి చోట్ల ఈ పని చేసే షాపులుంటాయి. బ్యారెల్‌కి సన్నటి గ్రిట్, హెడ్డుకి గ్లాస్ బీడ్ అడగండి. ముతక ఇసుకతో హెడ్డుని కొడితే ప్యాకింగ్ (గ్యాస్కెట్) కూర్చునే మొహం గుంటలు పడుతుంది. ఇచ్చే ముందు ప్లగ్ రంధ్రంలో పాత ప్లగ్గు బిగించాలి. డీకంప్రెసర్ రంధ్రం, ఆయిల్ దారులు, స్టడ్ రంధ్రాలు, వాల్వ్ గైడ్లు అన్నిటికీ రబ్బరు బిరడాలు దిగెయ్యాలి. ప్యాకింగ్ మొహాలకి మందపాటి రేకు ముక్కలు కత్తిరించి బోల్టులతో బిగిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే బ్లాస్టింగ్ దెబ్బకి మామూలు టేపు నిలవదు. ఒక్క గ్రిట్ గింజ రాకర్ ఆయిల్ దారిలో మిగిలిపోయినా అది బుష్‌ని అరగదీస్తుంది. తిరిగి వచ్చాక ప్రతి రంధ్రంలోకీ కంప్రెసర్ గాలి కొట్టి, సబ్బు నీళ్లతో కడిగి, మళ్లీ గాలి కొట్టాలి.

బ్లాస్టింగ్ అయిన పోత ఇనుము చెమ్మ తగిలితే నిమిషాల్లో నారింజ రంగు తిరుగుతుంది. కోస్తా గాలికి ఇది మరీ త్వరగా జరుగుతుంది. కడిగిన వెంటనే హాట్ ఎయిర్ గన్ను పట్టి ఆరబెట్టి, అసిటోన్ గుడ్డతో తుడిచి, అదే పూట రంగు వెయ్యాలి. రేపు చూద్దామనుకుంటే మళ్లీ మొదటికి వస్తుంది. అసిటోన్ తుడిచాక ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. వేలిముద్రల జిడ్డు చాలు, ఓవెన్‌లో ఆ ఆకారంలోనే పెచ్చు లేస్తుంది. సిలికాన్ పాలిషు, సిలికాన్ గమ్ము అంటిన చోట రంగు గుండ్రంగా విడిపోయి చేపకళ్లలా గుంటలు తేలతాయి. మళ్లీ మొత్తం తీసెయ్యడం తప్ప దానికి మందు లేదు.

రీబోరు ఎప్పుడు చేయించాలన్నది కూడా తేల్చుకోవాలి. బోరు చేశాక రంగేస్తే కొత్త బోరుకి నూనె పూసి కాపాడాలి. ఆ నూనె ఓవెన్‌లో కారి రంగుని పాడు చేస్తుంది. నూనె పుయ్యకపోతే తుప్పు. అందుకే బ్లాస్టింగ్, రంగు, ఓవెన్, చివర్లో రీబోరు, హోనింగ్ (బోరు గోడని సన్నగా రుద్ది తీర్చడం) అనే వరసలో చేయించాను. మెషిన్ క్లాంపుల కింద అట్టముక్క పెట్టమని చెబితే సరిపోతుంది. ఓవెన్‌లో కాల్చి గట్టిపడిన రంగుకి హోనింగ్ కిరసనాయిలు ఏమీ చెయ్యదు.

ఏ రంగు

బజార్లో రెండు రకాలు దొరుకుతాయి. 250 నుంచి 300 డిగ్రీల దాకా ఓర్చుకునే ఇంజన్ ఎనామెల్ ఒకటి, 600 డిగ్రీల సిలికాన్ హీట్ పెయింట్ రెండోది. పెద్ద అంకె చూసి అందరూ రెండోదాని మీద పడతారు. అది సైలెన్సర్ కోసం చేసింది. 200 డిగ్రీలు దాటి కాలిస్తే తప్ప పూర్తిగా గట్టిపడదు, గట్టిపడే లోపు పెట్రోలు చుక్క పడితే చేతికంటుకొచ్చేస్తుంది. మన బుల్లెట్ కార్బురేటర్ ఎప్పుడో ఒకప్పుడు ఓవర్‌ఫ్లో అవ్వక మానదు. బ్యారెల్‌కీ హెడ్డుకీ ఇంజన్ ఎనామెలే మేలని నా ఉద్దేశం. ఫిన్ల దగ్గర వేడి దాని హద్దులోపే ఉంటుంది.

రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, కారు బాడీకి వేసే ప్రైమర్ వద్దు. వేడికి అవి ముందు కాలిపోతాయి, పైన ఎంత మంచి రంగున్నా వాటితోపాటే ఊడుతుంది. బ్లాస్టింగ్ చేసిన గరుకు ఇనుము మీద రంగు నేరుగా పట్టుకుంటుంది. పౌడర్ కోటింగ్ గురించి కూడా చెప్పాలి. అది ఒక్క పొరే 60 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది, ఒక్క పొర అయితే కొంప మునగదు. కానీ కరెంటు చార్జితో అతుక్కునే పొడి ఇరుకు ఫిన్ల లోతుకి పోదు. అంచుల మీద లావుగా కూర్చుంటుంది, మొదట్లో ఇనుము అలాగే మిగిలిపోతుంది. తుప్పు మొదలయ్యేదే అక్కడ కాబట్టి నేను దాన్ని వద్దనుకున్నాను.

మాస్కింగ్, స్ప్రే

రంగు తగలకూడని చోట్లు: బ్యారెల్ కింద, పైన ప్యాకింగ్ మొహాలు, టాపెట్ కవర్ మొహం, బోరు లోపల, పుష్‌రాడ్ దారి, ఇన్‌టేక్ ఫ్లాంజి, ఎగ్జాస్ట్ పోర్టు లోపల, ప్లగ్గు కూర్చునే చోటు. వీటిని ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. అందరూ మరిచిపోయేది నట్టు, వాషర్ కూర్చునే గుండ్రటి చోటు. అక్కడ రంగుంటే మొదట నట్టు టార్క్ బాగానే చూపిస్తుంది. ఇంజన్ వేడెక్కగానే కింద రంగు మెత్తబడి నలుగుతుంది, స్టడ్ బిగువు తగ్గుతుంది, హెడ్ ప్యాకింగ్ లీకవడం మొదలవుతుంది. లీకైన వేడి గ్యాసు హెడ్డుని మాడుస్తుంది. రంగు వల్ల ఇంజన్ హీటైందని చెప్పే కేసుల్లో ఇలాంటివి ఉంటాయి. అన్ని నట్ల చోట్లా వాషర్ సైజుకి టేపు గుండ్రంగా కత్తిరించి అంటించాలి.

ఫిన్లకి స్ప్రే కొట్టడంలో వరస ముఖ్యం. ముందు ఫిన్ల మధ్య లోతులు, తర్వాత చదును ముఖాలు, చివర్లో అంచులు. ఎదురుగా నిలబడి కొడితే తుంపర అంచులకే తగిలి వెనక్కి తన్నుతుంది, లోపలికి చేరదు. ఫిన్ల వాలు వెంబడి, నాలుగు వైపుల నుంచీ కాస్త ఏటవాలుగా, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టాలి. బ్యారెల్‌ని ఒక కర్ర మీద తలకిందులుగా నిలబెట్టి తిప్పుకుంటే కింది ముఖాలు కూడా కనిపిస్తాయి. మొదటి కోటు ఇనుము కనబడేంత పల్చగా ఉండాలి. 10 నిమిషాల ఎడంతో రెండోది, అవసరమైన చోట మాత్రమే మూడోది. రంగు ఫిన్ను మొదట్లో జారి చేరి గుంటలా నిండితే ఆరకముందే పొడి కుంచెతో లాగెయ్యాలి.

బ్యారెల్, హెడ్డు రెండిటికీ కలిపి 400 ఎంఎల్ డబ్బా ఒకటి చాలు. రెండోది తెరవాల్సి వచ్చిందంటే అవసరానికి మించి మందం వేస్తున్నట్టే.

వాన రోజున ఈ పని పెట్టుకోవద్దు. చెమ్మకి రంగు మీద తెల్లటి పొగలా మసక కడుతుంది. అలాగని మే మధ్యాహ్నం ఎండలో వేస్తే థిన్నర్ గాల్లోనే ఆవిరైపోయి రంగు పొడిలా రాలి పడుతుంది. అది గోరుతో గీస్తే వచ్చేస్తుంది. పొద్దున్న మంచు తడి ఆరాక, ఎండ ముదరకముందు మంచి వేళ.

కాల్చడం

టేపులన్నీ ఓవెన్‌లోకి పోకముందే తియ్యాలి, లేకపోతే జిగురు కాలి అతుక్కుపోతుంది. డబ్బా మీద రాసిన వేడి, సమయమే ప్రమాణం. ఏమీ రాయని పక్షంలో 90 డిగ్రీల దగ్గర అరగంట, చల్లార్చి 130 దగ్గర అరగంట, మళ్లీ చల్లార్చి 180 దగ్గర గంట. ఒక్కసారిగా 180కి తీసుకెళ్తే లోపలి థిన్నర్ బుడగలై పొంగుతుంది.

హెడ్డు విషయంలో 180 దాటొద్దు. వాల్వ్ సీట్లు, గైడ్లు అల్యూమినియంలోకి బిగుతుగా దిగేసి ఉంటాయి. అల్యూమినియం వాటికంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి ఇంకా వేడి చేస్తే సీటు కదిలే ప్రమాదం ఉంది. సీట్లు మార్చేవాళ్లు హెడ్డుని వేడి చేసేది ఇందుకే.

వంటకి వాడే ఓవెన్ వద్దు, ఆ పొగ మంచిది కాదు. పాత ఓటీజీ ఒకటి బయట పెట్టుకోవచ్చు. అది లేకపోతే పౌడర్ కోటింగ్ షాపులో అడగండి. వాళ్ల ఓవెన్ ఎలాగూ 180 నుంచి 200 మధ్య నడుస్తుంటుంది. మొదటి రెండు మెట్లూ ఇంట్లో హాట్ ఎయిర్ గన్నుతో కానిచ్చి చివరి మెట్టుకి వాళ్ల దగ్గర పెట్టించవచ్చు, హెడ్డుకి మాత్రం 180 దాటనివ్వొద్దని చెప్పాలి.

ఓవెనే దొరక్కపోతే ఇంజన్ వేడితోనే కాల్చొచ్చు: రెండు నిమిషాలు నడిపి చల్లార్చడం, ఐదు, తర్వాత పది. కానీ కొత్తగా రీబోరు చేసిన ఇంజన్‌ని నిలబెట్టి ఎక్కువసేపు ఐడిల్ చెయ్యడం రింగులకి మంచిది కాదు. రీబోరు ఉంటే ఓవెన్ దారే పట్టండి.

బిగించాక

మొహాలన్నీ థిన్నర్ గుడ్డతో తుడిచి, రంగు మరక కనిపిస్తే బ్లేడుతో గీకి బిగించాలి. బోరుని సబ్బు వేడినీళ్లతో కడుగుతూ తెల్లగుడ్డతో తుడిస్తే నల్లగా అంటకూడదు. అప్పుడే ఇంజనాయిలు పుయ్యాలి.

ఇక్కడి నుంచి వేడిని నిర్ణయించేది సెట్టింగులే. ప్లాటినా (స్పార్క్‌ని నియంత్రించే కాంటాక్ట్ పాయింట్లు) గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ., స్పార్క్ టైమింగ్ పూర్తి రిటార్డ్‌లో (బాగా వెనకబెట్టినప్పుడు) పిస్టన్ పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు. టాపెట్లు చల్లటి ఇంజన్ మీద పుష్‌రాడ్ వేళ్లతో తిరిగేలా, పైకీ కిందికీ ఆడకుండా ఉండాలి. టైమింగ్ వెనకబడినా, ఇన్‌టేక్ ఫ్లాంజి దగ్గర గాలి లాగినా హెడ్డు వేడి పదుల డిగ్రీలు పెరుగుతుంది. సైలెన్సర్ బెండ్ మొదట్లో నీలం తిరిగితే ముందు ఈ రెండూ చూడాలి. ఇంజన్ నడుస్తుండగా ఫ్లాంజి చుట్టూ కొంచెం కార్బ్ క్లీనర్ చల్లితే ఐడిల్ మారుతుందేమో చూడండి. మారితే గాలి లాగుతున్నట్టే. ఇది చల్లటి ఇంజన్ మీదే చెయ్యాలి, వేడి బెండ్‌కి దూరంగా.

థర్మోకపుల్‌తో అదే రోడ్డు మీద మళ్లీ కొలిచినప్పుడు, ఆనాటి గాలి వేడి తేడా తీసేస్తే, రంగుకి ముందూ తర్వాతా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొత్త రింగుల రాపిడి వల్ల మొదట్లో కొంచెం ఎక్కువ చూపించడం సహజం. అందుకే రన్నింగ్-ఇన్ (కొత్త భాగాలు కుదురుకునే తొలి నడక) అయ్యాక తీసుకున్న కొలతనే లెక్కలోకి తీసుకున్నాను.

మొదటిసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లని మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి ఒకసారి మళ్లీ చూసుకోవాలి. ఎగ్జాస్ట్ పోర్టు చుట్టూ అంగుళం మేర రంగు కొన్నాళ్లకి రంగు మారి పొడిబారుతుంది. అక్కడ వేడి ఎనామెల్ హద్దు దాటుతుంది. దాని కోసం మొత్తం విప్పక్కర్లేదు, అంతవరకు ఇత్తడి బ్రష్షుతో గోకి, 600 డిగ్రీల నలుపు కుంచెతో పల్చగా పూస్తే ఎగ్జాస్ట్ వేడికి అదే కాలి గట్టిపడుతుంది.